యాసిడ్‌కు దిష్టి

హలో… ఆ, నేనేలే మురళి మామా, నీ పెండ్లాం మోహనప్రియనే. ఎక్కడుండావు?… సిద్ధరాజన్న ఇంట్లోనా? బాడుగ షెడ్డు తాళంచెవి ఆయనకు ఇచ్చేసినావా?…

ఇచ్చేసినావా! అయ్యయ్యో… తిరిగి అడుగు. ఇప్పుడే అడుగు!… ఏ ముఖం పెట్టుకోనా? ఉండే ముఖంతోనే అడుగు!

నవ్వలేదు… సరే, నవ్వతానే ఉండాను, ఏమి చేసేది!… విను. యాసిడ్ తేరింది మామా. మన పాత బ్యాటరీల యాసిడ్!… సామి సత్తెంగా!

నువ్వు విసిగిపోయి, కరెంటు కూడా ఆపకుండా వదిలేసినావే, ఆ తొట్టి కడిగేద్దామని పోయినాను. పారబోసే ముందు గ్లాసులో రవ్వంత తీసి నీ పరీక్ష మందు చుక్క వేసినాను… ఊఁహూఁ, ఎర్రగా తిరగలేదు! ఇనుము ఉంటే ఎర్రబడాల కదా? నీళ్ళ మాదిరే ఉండిపోయింది… మూడుతూర్లు చూసినాను!

నీ లెక్క తప్పు కాదు మామా. కరెంటు పెడితే ఇనుమంతా నడిమి మట్టికుండలోకి పోతాది, బయట తొట్టిలో మంచి యాసిడ్ మిగుల్తాది అంటివే, అట్లనే జరిగింది. దినమూ జరగతానే ఉండింది…

మరి తెల్లారితే మళ్ళా ఎర్రగా ఎందుకు తిరిగేదా?… చెప్తా, చెప్తా… నవ్వి నవ్వి కడుపు నొస్తాది… మీ అవ్వ!

ఆ, నంజవ్వే. ఏరియూరు పోయి నాలుగు దినాలాయ కదా? ఇప్పుడే బస్సు దిగింది. చెంబెడు నీళ్ళు కూడా తాగలేదు, నేరుగా షెడ్డులోకొచ్చి కొంగుముడి విప్పింది. ముడిలో ఏముండాది చెప్పు?… దుడ్లు కాదు. ఇనుపమొల!

పొలానికి కోడికూర పంపితే దిష్టి తగలకుండా గిన్నెలో ఇనుపముక్క వేసి పంపతాదే… అదే మాదిరి! ఊరంతా వచ్చి నీ తొట్టిని చూసి పోతారంట, కండ్లు పడతాయంట. దినమూ పొద్దున సామికి మొక్కి తొట్టిలో ఒక మొల! బుడగలొస్తే దిష్టి పగిలిపోతా ఉండాదని సంతోషపడేదంట!… అదే కదా! అవ్వ ఊర్లో లేదు, ఈతూరి మొల పడలేదు!

హలో? మామా?… కోపమా?… నువ్వూ నవ్వతా ఉండావా! నవ్వు, నవ్వు. అవ్వను మాత్రం తిట్టొద్దు. మనవడి బతుకు నేనే చెడిపితినే అని మూలన కూచోని ఏడస్తా ఉండాది.

ఏమి?… అన్న అడగతాడా? ఇయ్యి ఫోను… అన్నా, వణక్కం అన్నా! నిజమే అన్నా… ఇంకొకరికి ఇస్తానని మాటిచ్చినారా?… అన్నా, ఒక్కతూరి మీరే వచ్చి చూడండి. మొదటి యాసిడ్ మీ లారీ బ్యాటరీకే పోస్తాము… ఎందుకన్నా నవ్వతారు?… ఏమి, మీ అమ్మ లారీ డీజిలు ట్యాంకులో విబూది వేసిందా! ఎంత?… డబ్బెడా!

…మామా?… ఇచ్చినాడా! చేతిలో ఉండాదా! అవ్వా, తాళం వెనక్కి ఇచ్చినాడంట!…

ఏమి మామా, ఏడస్తా ఉండావా?… ఏడువు, పరవాలేదు. నేనూ ఏడస్తానే ఉండాను, తెలీలేదా?… ముందు అవ్వతో ఒక్క మాట మాట్లాడు. నా మాట నమ్మేలేదు… ఇదో అవ్వా, పట్టుకో… అట్ల కాదు, తిప్పి చెవికి పెట్టుకో…

ఏమన్నాడవ్వా?… ఏడుపు ఆపి చెప్పు… ఆకలేస్తాది, నీ చేతి సంగటి చేసి పెట్టమన్నాడా?… అంతేనా? మొల మాట ఎత్తనే లేదా?… నాలుగు దినాలకు ఈ మనిషికి ఆకలైందవ్వా!

ఇటియ్యి… హలో? మామా?… కట్ చేసేసినావా అవ్వా! పోనీలే… పద, పొయ్యి ముట్టిద్దాము.