ఉప్పునీళ్ల వ్యాను

2004 ఎండాకాలం. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానా. చేపల తొట్టి అద్దం తుడుస్తున్న పనివాణ్ణి, కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకున్న తండా ఆవిడ అడిగింది.

“ఏం చేపన్నా ఇది? ఒంటినిండా ఈకలున్నట్టున్నది.”

“లయన్ ఫిష్ అక్కా. సముద్రంల పగడపు దిబ్బల కాడ బతుకుతది. రెక్కలు విసనకర్రల లెక్క పరిచి, చిన్నచేపల్ని మూలకు తరిమి మింగుతది. ముళ్లనిండా విషమే.”

“మరి ఈడ ఎట్ల బతుకుతాంది?”

“డాక్టర్ సారు బందరు నుంచి వ్యానుల సముద్రం నీళ్లు తెప్పిస్తడు. నీళ్లు మార్చకుంటే చస్తది.”

“నీలం డ్రమ్ముల వ్యానా? మా పెనుబల్లి మీదుగ వస్తదా?”

“అవ్. నీకెట్ల తెలుసు?”

“మా తండాకు ట్యాంకర్ బందయి నెల దాటింది. మొన్న రోడ్డు మీద ఆ వ్యాను ఆగితే, నీళ్లు మాకే వచ్చినయనుకొని అందరం బిందెలు పట్టుకొని ఉరికినం. ఉప్పునీళ్లని చెప్పి డ్రైవర్ నవ్విండు. మళ్లా వాగు గుంటల నీళ్లే తెచ్చుకున్నం. అవి తాగినంకనే పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నయి.”

“అయ్యో! సారు చూసిండా? ఏమన్నడు?”

“చూసిండన్నా. పిల్లకు నీళ్లు మార్చమన్నడు.”