ఎబినేజర్ పట్టిన తప్పు

"నమ్మనోళ్లు ఉంటె ఇప్పుడే చాయ్ తాగి లేవుండ్రి. మధ్యల నవ్వితె మాత్రం ఊకోను" అని ఎబినేజర్ బెంచీ మీద కాలు మీద కాలేసుకున్నడు. ఆదివారం, చర్చి విడిచిన యాళ్ల. బొగ్గుబాయి కంప్యూటర్ సెక్షన్ల ముప్పై ఏండ్లు చేసి రిటైరైన మనిషి. ఆయన గొంతు లేనిది నాగవ్వ హోటల్ల చాయ్ మరుగదు.

"పోయినేడు ఇంట్ల పాత కంప్యూటర్ల ఊరుమ్మడి సిస్టం ఏసిన. పైస లేదు, ఓనర్ లేడు. దునియల ఎవలకు తోచిన ప్రోగ్రాం వాళ్లు రాస్తరు, తప్పు కనవడ్డోళ్లు చెప్తరు, ఇంకొకలు దిద్దుతరు."

"ఓనర్ లేనిదాన్ని ఎవలు కొంటరన్నా?" అన్నడు సామ్యూల్.

"గదే జెప్తున్న. చొప్పదండిల సీడు వరి ఎట్ల? ముందుగాల మన మడిల ఏసి చూస్తరు. తెగులుకు, ఎండకు నిలవడ్డదాన్నే కంపెనీ సంచిల పోసి, ముద్రగొట్టి అమ్ముతది. ఇదీ అంతే. ఊరుమ్మడి దాంట్ల ఏడాదో రెండేండ్లో నలిగినదాన్నే పెద్ద కంపెనీ తీసుకొని, గ్యారంటీ రాసిచ్చి, బ్యాంకులకు, దవాఖాన్లకు, మన బాయికి అమ్ముతది. మరి మన మడిల తెగులు ఎవ్వలు చూడకపోతె? సంచిలకు పోతది!"

నాగవ్వ చేతిల గరిట ఆగింది. ఆమె కొడుకు విజయేందర్ ఆ పొద్దు బాయిల దిగి ఉన్నడు.

"ఒకనాడు కరెంటు పోయింది, వచ్చింది. కంప్యూటర్ మాత్రం లేసినట్టే లేసి బిగుసుకపోయింది. తెర మీద గడియారం పదీ పన్నెండు కాడ బొమ్మ లెక్క నిలవడ్డది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడు దినాలు అన్నం ముట్టలే. లక్ష వరుసలు సదివిన, ఉత్త కండ్లతోని! దొరికింది తప్పు, ఈగ కాలంత. రాసి పంపిన తెల్లారి ఆ పెద్ద కంపెనీ దొర ఫోన్ల ఏడ్సిండు. గిది మా సంచిలకు వస్తె పదారు దేశాల విమానాలు ఆకాశంల నిలవడ్తయి, దవాఖాన్ల ఊపిరి మిషన్లు ఆగుతయి అన్నడు. నా కోసం చంద్రుని కాడికి పోయే రాకెట్టును రెండు దినాలు ఆపిండ్రు. ఇంతెందుకు, మన బాయి లోపటికి గాలి పంపే ఫ్యాను తిరుగుతుందంటె..."

సైరన్ కూసింది.

షిఫ్టు సైరన్ కాదు. ఆగకుండ కూస్తుంది. బండి మీద పోతున్నోడెవడో ఒర్రిండు: "కరెంటు పోయొచ్చినంక గాలి ఫ్యాను తిరుగుతలేదట! కంప్యూటర్ బిగుసుకపోయిందట!"

నాగవ్వ ఉరికొచ్చి ఎబినేజర్ చెయ్యి పట్టుకున్నది. "కాకా, నువ్వు పట్టిన తప్పే గదా? లే, పా. నా కొడుకు లోపలున్నడు. జర ఫ్యాను తిప్పియ్యి, నీ కాల్మొక్త."

ఆమె నమ్మింది. ఇన్నేండ్లల ఆయన కోతలను గింత నిజంగ నమ్మినోళ్లు లేరు. ఎబినేజర్ లేవబోయి మల్ల కూసున్నడు. కండ్ల ముందట అదే పదీ పన్నెండు.

నాగవ్వ ఫోన్ మోగింది. విజయేందర్. "అవ్వా, పైకొచ్చినం, అందరం. కంప్యూటర్ను పక్కకు వెట్టి స్విచ్చేసి ఫ్యాను నడిపిండ్రు. ఫికర్ జెయ్యకు." నాగవ్వ ఉన్న కాడనే కూలవడి ఏడ్సింది.

సామ్యూల్ నవ్వలే. "అన్నా, పోయినేడు నువ్వు తీసేసిన తెగులు ఇయ్యాల మన సంచిలకు ఎట్లొచ్చింది?"

ఎబినేజర్ చాయ్ గ్లాసు పక్కకు వెట్టిండు.

"గడియారం ఆగింది నిజం. నేను చూసింది నిజం." అన్నడు. "గిది గదే తెగులో కాదో నాకు ఎరుకలేదు. మూడు దినాలు లేవు, రాకెట్ లేదు. బటన్ ఒత్తి మల్ల శురు చేసిన, అంతే. నాలుగు వరుసలు రాసి పంపు తాతా, ఎవలన్న దిద్దుతరు అని నా మనుమరాలు మహిమ చెప్పింది. నేనొక్కన్ని రాయకపోతె ఏమైతది తియ్ అనుకున్న."

నాగవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది.

"గిది కోత గాదు" అన్నడు ఎబినేజర్. "నమ్మకుంటె మహిమను అడుగుండ్రి."