అమ్మవారి తూకానికి ఏసిన స్ప్రింగులు

చౌడక్క బండి మింద నుంచి ఎగిరి పడింది. పడిందంటే అట్లిట్ల కాదప్పా, బండి ఒకపక్క, మనిషి ఒకపక్క, సూదిమందుల సంచి తుమ్మకంపకు తగులుకోని యాలాడతా ఉందంట. యాడ పడిందంటే గుండ్లవంకలో. తెలీనోళ్ళకు చెప్తాండా, కొండకింద ఉండే మన ఊరికీ కొండమింద ఉండే గొల్లపల్లెలకూ నడాన ఉండే వంక అది. నాలుగు వానలప్పుడు నీళ్ళు, మిగతా కాలమంతా గుండ్లు. మేకలు గూడా చూసి చూసి కాలు పెడతాయి. ఆ వంకలో ఈయమ్మ బండి తోలతాది. ఎవురీయమ్మ అంటే, గొర్రెలకు సూదులేసే చౌడేశ్వరి. అందురూ చౌడక్క అంటారు. సన్నగా, పొడుగ్గా, జొన్నదంటు మాదిరి మనిషి. నోరు మాత్రం సన్నం కాదు. లేసి మట్టి దులుపుకోని, దెబ్బ యాడ తగిలిందో చూసుకోకుండా మొదలు ఏమనిందంటే, "ఎవురన్నా చూసినారా?" అనిందంట. చూసినాడు. ఎవురు చూడగూడదో ఆయప్పే చూసినాడు. ఓబులేసు.

ఈ ఓబులేసు గూడా సూదులేసేటోడే. మనిషి మంచోడే, నేను కాదనను, కాకపోతే ఒళ్ళెంతో గొప్పలూ అంతే. దూలం మాదిరి ఉంటాడు, కూచుంటే మంచం ఏడుస్తాది. వాడు గట్టుమింద బండి నిలిపి, "ఏమక్కా, గుండ్లకు దండం పెడతాండావా?" అని నవ్వినాడంట. "నవ్వు నాయనా, జాతరనాడు ఎవురు నవ్వుతారో చూద్దాం" అనిందంట ఈయమ్మ. అనిందే గానీ లోపల భయమే. యాలంటే, ఆ జాతర మిందనే ఆయమ్మ బతుకు ఆనుకోని ఉంది.

అదేందో చెప్తా ఇనండి. కొండమింద పల్లెలకు పెద్ద ఎర్రప్ప. ఆయప్ప ఈ ఏడు కొత్తగా పెట్టిన కట్టు ఏందంటే, గుండ్లమ్మ జాతరనాడు కింద తప్పెట కొట్టంగానే సూదులేసేటోళ్ళు బండ్లు తీయాల. గుండ్లవంక గుండా ఎక్కి, ఎవురు ముందొచ్చి గుడిగంట కొడితే వాళ్ళకే ఆ ఏడాదంతా పల్లెల గొర్రెల పని. గొర్రెల సంఘం బండి గూడా వాళ్ళకే. ఇదేం పిచ్చికట్టు అంటారేమో. ఎర్రప్పనడిగితే ఆయప్ప చెప్తాడు, "గొర్రెకు గొంతువాపొస్తే తెల్లారేసరికి మందంతా పోతాది. మాకు పెద్ద చదువు డాక్టరొద్దు, ముందొచ్చే డాక్టరు గావాల" అని. తప్పేముంది చెప్పండి? ముందటేడు అట్లే అయ్యింది. అప్పుడు చౌడక్కకు బండి లేదు. కబురందినాంక మందుల సంచి నెత్తిన పెట్టుకోని నడిచిపోయింది. పోయేసరికి మారెక్క మందలో సగం గొర్రెలు కాళ్ళు చాపేసి ఉండాయంట. మారెక్క ముసిల్ది, ఏడవలేదు, తిట్టలేదు, "కూచో తల్లీ, నీళ్ళు తాగు" అనిందంట. తిట్టినా బాగుండు. ఆ మాట చౌడక్క గుండెలో ముల్లు మాదిరి ఉండిపోయింది. ఆ తర్వాతనే సంఘమోళ్ళ కాళ్ళూ ఏళ్ళూ పట్టుకోని బండి తెప్పించింది. అది రోడ్డు బండి కాదు, రాళ్ళల్లో పోయే ఎత్తు బండి. ఇప్పుడు పందెం ఓడిపోతే ఆ బండి తాళాలు ఓబులేసు చేతిలో పెట్టాల. మళ్ళా నెత్తిన సంచి, కాళ్ళే బండి.

సరే, బండి ఉంది గదా, మరి పడేదెందుకంటారా? వస్తాండా. ఆ బండి పాతది. వచ్చినప్పుడే ముందరివీ ఎనకదీ స్ప్రింగులు కుంగిపోయి, ఈత చాప మాదిరి అయిపోయినాయంట. టౌన్లో మస్తానన్న అని మెకానిక్కు, బో నమ్మకస్తుడు. ఆయన కాడికి తీసుకపోతే, "అక్కా, రాళ్ళల్లో పోయే బండికి స్ప్రింగు అందురికీ ఒకటే కాదు. తోలే మనిషి బరువును బట్టి ఏయాల. నీ బరువు చెప్పు" అన్నాడంట. ఈయమ్మ రవ్వన్నా ఆలోచన లేకుండా, "డెబ్బై అయిదు" అనింది. మస్తానన్న ఆయమ్మను కిందనుంచి మిందికి చూసి, "నువ్వా?" అన్నాడు. "సన్నంగా కనపడతానన్నా, ఎముక బరువు మనిషిని. గుండ్లమ్మ కాటా మింద తూగినా. అమ్మవారి కాటా అబద్ధం చెప్తాదా?" అనింది. ఇంగ మస్తానన్న ఏం మాట్లాడతాడు? అమ్మవారి కాటాను కాదనేదానికి ఆయనకెన్ని గుండెలు? "అమ్మవారి మాటంటే సరే తల్లీ" అని, హెల్మెట్టూ బూట్లూ మందుల సంచీ గూడా కలుపుకోని, అంత బరువుకు తగిన గట్టి స్ప్రింగులు ఏసేసినాడు. "కూచో, బండి ఎంత దిగుతాదో కొలుస్తా" అన్నాడు గూడా. ఆ ఘడియకే పైనుంచి ఫోనొచ్చింది, మేక ఈనలేక ఈనలేక అరుస్తాందని. కొలవకుండానే ఎల్లిపోయింది.

ఈ అమ్మవారి కాటా ఏందంటే, బండొచ్చేదానికి కొంచెం ముందర చౌడక్కకు కామెర్లొచ్చి తేరుకున్నప్పుడు వాళ్ళమ్మ పెద్దక్క మొక్కు చెల్లించింది. గుండ్లమ్మ గుడిముందర త్రాసు కట్టి, ఒక తట్టలో పిల్లను కూచోబెట్టి, ఇంగో తట్టలో బెల్లం పెట్టేది. బెల్లం అచ్చులు ఏస్తాండారు, ఏస్తాండారు, పిల్ల లేయలే. చివరకు పూజారి "డెబ్బై అయిదు!" అని కేకేసినాడు. జనమంతా నోరు తెరిచినారు. పెద్దక్క మాత్రం కండ్లు మూసుకోని దండం పెట్టుకుంటా ఉందంట. ఆ దండం సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళా దానికాడికే వస్తాం.

ఇంగ ఆ స్ప్రింగులతో చౌడక్క పాట్లు చూడాల. రాయి తగిలితే చాలు బండి ఎగిరేది. ముందర చక్రం నేల మింద నిలిస్తే గదా! రాయి చక్రాన్ని తంతే, చక్రం బండిని తంతే, బండి ఈయమ్మను తన్నేది. ఊళ్ళో ఒకరొకరు ఒక్కో మాట. "చేతుల్లో బలం లేదు" అని ఒకరు. "ఆడపిల్ల, గట్టిగా పట్టుకోలేదు" అని ఒకరు. ఈయమ్మ గూడా నమ్మేసింది, అదే నాకు బాధ. తప్పు తనదే అనుకోని రోకలి పట్టుకోని లేని వడ్లు దంచింది, నీళ్ళ బిందెలు రెండు చేతులా మోసింది, సంగటిముద్ద ఇంగోటి ఎక్కువ తినింది. పడేది మాత్రం పడతానే ఉండె. జాతర దగ్గర పడతాంది. ఒకనాడు అద్దంలో చూసుకోని, "నా వల్ల కాదేమో" అని తనకు తానే చెప్పుకుందంట. ఆ నోటినుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి.

అప్పుడేమైందంటే, కొండమింద మారెక్క పొట్టేలుకు పురుగుమందు పోసేదానికి పోయింది. మందు పోసేటప్పుడు గొర్రె బరువు తెలియాల గదా, తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే గొర్రె చస్తాది. మారెక్క మనవడు, పెండ్లయినోడే, గొప్పగా, "మా పొట్టేలు అరవై కేజీలు, దానికి తగ్గట్టు పొయ్యి" అన్నాడంట. చౌడక్క పొట్టేలు నడుముకు రెండు చేతులేసి ఒక్క ఎత్తు ఎత్తి దింపి, "నలభైకి మించదు. బొచ్చు చూసి మోసపోతాండావు నాయనా. నోటిమాట బరువుకు మందేస్తే రేపు తోలు మిగులుతాది" అనింది. అట్లంటానే గడ్డిమింద కూలబడి మోచేతి గాయానికి పసుపు పెట్టుకుంటాంది. మారెక్క అడిగింది, "మళ్ళా పడినావా తల్లీ? ఎందుకు పడతాండావు?" అని. "బండికి నా బరువు తగ్గ స్ప్రింగులే ఏసినారవ్వా, డెబ్బై అయిదు కేజీలకు. అయినా ఎగరేస్తాది" అనింది. ముసిల్ది నోట్లో ఆకు నములుతా ఆగిపోయింది. "ఎంత?" "డెబ్బై అయిదు." మారెక్క ఆకు ఉమ్మేసి లేసింది. వచ్చి చౌడక్క నడుముకు రెండు చేతులేసి, పొట్టేలును ఎత్తినట్లు ఎత్తేసింది! చౌడక్క కాళ్ళు గాల్లో తన్నుకుంటాండాయి, "అవ్వా, దింపు!" అని అరుస్తాంది. ముసిల్ది దింపి, "యాభై. దానికి మించి చారెడు లేవు. నా పొట్టేలుకు ఎత్తి చూసినావే, నిన్నెవురెత్తి చూసినారే?" అనిందంట.

అప్పుడు తెలిసొచ్చింది చౌడక్కకు. గొర్రెకు నోటిమాట బరువు నమ్మని మనిషి, తన బరువు నమ్మేసింది. బండి దింపుకోని, పడకుండా మెల్లగా ఇంటికొచ్చి, "అమ్మా, తులాభారంనాడు నా కింద ఏం పెట్టినావు?" అనిందంట. పెద్దక్క పొయ్యిలో కట్టె ఎగదోస్తా, "ఏం పెట్టలే, గొంగడి ఏసినా, చలని" అనింది. "గొంగడిలో?" పెద్దక్క ఇంగో కట్టె పొయ్యిలో పెట్టింది. "అమ్మా, ఆపొద్దు కింద గట్టిగా ఒత్తుకుంటాందంటే, తట్ట అట్లే ఉంటాది కూచోమన్నావు. గొంగడిలో ఏముండె?" ఇంగ దాచలేక పెద్దక్క కొంగు నోటికడ్డం పెట్టుకోని, "రుబ్బుగుండూ, ఇసుర్రాయి పైబిళ్ళా" అనింది. "ఎందుకమ్మా!" "ఎందుకేందే? కామెర్లతో నువ్వు ఎముకలగూడు అయిపోతివి. అమ్మవారు నాకు పిల్లను తిరిగిచ్చింది. ఆ ఎముకలగూడు బరువుకే బెల్లమిచ్చి చేతులు దులుపుకొమ్మంటావా? దేవునికిచ్చేకాడ పిసినారితనం జేస్తే మళ్ళా ఏమన్నా అయితే?" అని ఏడ్చేసిందంట. చౌడక్కకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మను పట్టుకోని, "నీ రుబ్బుగుండు మోసుకోని గుండ్లవంకలో తిరిగినానే ఇన్నాళ్ళూ" అనిందంట.

మర్నాడే మస్తానన్న కాడికి పోయింది. ఈసారి ఆయన ఎవురి మాటా ఇనలే, అమ్మవారి మాట గూడా. హెల్మెట్టు పెట్టించి, బూట్లేయించి, సంచి తగిలించి, పక్కనే గొర్రెల సంతలో కమ్మీల కాటా ఉంటే దాంట్లో నిలబెట్టినాడు. సంతలో జనం చుట్టూ చేరి, "ఏ మందదప్పా ఈ పొట్టేలు? తలకాయ నున్నగా ఉండాదే!" అని ఒకటే నవ్వులు. నవ్వనీ అనింది చౌడక్క. అన్నీ కలిపి అరవై. మస్తానన్న తల కొట్టుకోని చెప్పినాడంట, "రాయి తగిలితే ఆ దెబ్బ స్ప్రింగు మింగాల అక్కా. నీకు మించిన గట్టిదైతే మింగదు, దెబ్బ నీకే ఇస్తాది." ఈయమ్మ అడిగింది, "మరి స్ప్రింగు మిందుండే ఆ మర వదులు చేస్తే చాలదా అన్నా?" అని. "మర తిప్పితే బండి కూచునే ఎత్తు మారతాది గానీ, స్ప్రింగు గట్టితనం పోదు. స్ప్రింగే మార్చాల" అన్నాడు. మార్చినాడు. ఈసారి కొలవకుండా కదలనియ్యలే. కూచోబెట్టి చూసినాడు, స్ప్రింగు దిగే దాంట్లో సరిగ్గా కావాల్సిన మూడోవంతు దిగి నిలిచింది బండి. ముందరా అట్లే, ఎనకా అట్లే. "ఇప్పుడిది నీ బండి" అన్నాడు.

ఇంగ జాతర. తప్పెట పడింది. ఓబులేసు బండి గర్రుమని ముందుకు దూకింది, దుమ్మంతా ఈయమ్మ మొగం మింద. చౌడక్క తొందరపడలే. మొదటి గుండు తగిలింది. అప్పుడు చూడాల ఆయమ్మ మొగం! చక్రం గుండెక్కింది, దిగింది, బండి మాత్రం ఊయల ఊగినట్లు ఊగి నేలను పట్టుకోని పోయిందంట. ఎగరలే, తన్నలే. ఇన్నాళ్ళూ తన్నిన గుండ్లన్నీ ఈపొద్దు దారిచ్చినాయి అనుకో. నోరు తెరిచి కేకేసింది, భయంతో గాదు, సంతోషంతో. ముందర ఓబులేసు బండి దడ్, దడ్ మని కింద కొడతాంది. ప్రతి గుండుకీ బండి అడుగుదాకా కుంగి నడుం ఇరిగినంత పని. వాడు రొప్పుకుంటా బండి నెమ్మది చేసినాడు. ఈయమ్మ పక్కనే దూసుకపోతా, "ఏమప్పా, గుండ్లకు దండం పెడతాండావా?" అనింది! ఆ మాట కోసరమే గెలిచినట్లుందని నాకనిపిస్తాది.

గంట మోగింది. ఒక్కసారి గాదు, పట్టుకోని వాయిస్తానే ఉందంట, పూజారి వచ్చి తాడు లాక్కునేదాకా. కొండ కొండంతా ఈలలు. ఎర్రప్ప బండి తాళాలు తీసుకోని మళ్ళా ఆయమ్మ చేతిలోనే పెట్టి, "ముందొచ్చే డాక్టరు ఈయమ్మే" అన్నాడు. మారెక్క జనాన్ని తోసుకోనొచ్చి నడుం పట్టి మళ్ళా ఎత్తింది, అందురికీ చూపిస్తా, "యాభై కేజీలు! చూడండప్పా, యాభై కేజీల మనిషి!" అని అరిచిందంట. ముసిల్ది ఏడుస్తాంది ఈసారి. చౌడక్కా ఏడ్చింది.

ఓబులేసు సంగతేమైందంటారా? జాతరయినాంక తలొంచుకోని మస్తానన్న కాడికి పోయి, "అన్నా, నా బండి అడుగు కొడతాంది" అన్నాడంట. "స్ప్రింగులు ఏసినప్పుడు నీ బరువెంతని చెప్పినావు నాయనా నాకు?" "అరవై అయిదు." "నిజంగా?" వాడు చుట్టూ చూసి, చెవికాడికొచ్చి, "అసలు బరువు చెప్తే దిష్టి తగులుతాదని మాయమ్మ చెప్పనియ్యదన్నా" అన్నాడు. మస్తానన్న నవ్వి నవ్వి, వాన్ని గూడా గొర్రెల కాటా ఎక్కించి, మూలన పడుండే చౌడక్క పాత స్ప్రింగులు తీసి ఏసినాడు. అతికినట్లు సరిపోయినాయంట! అమ్మవారి తూకం తప్పని ఎవురైనా అంటే నేనొప్పుకోను. తూకం సరైందే, మనిషే వేరే.

పెద్దక్క ఊరుకుంటాదా? కూతురు గెలిచిందని మళ్ళా తులాభారం మొక్కింది. త్రాసు కట్టినారు, గొంగడి ఏసినారు. చౌడక్క కూచునేముందు గొంగడి ఎత్తి దులిపింది. ఏం లేదు. అందురూ నవ్వినారు. కూచుంది. బెల్లం ఏస్తాండారు, ఏస్తాండారు. ఎంతకూ లేయకపోతే పూజారికి అనుమానమొచ్చి తట్టకింద చూసినాడు. చూస్తే పెద్దక్క ఒక కాలు తట్ట అంచుమింద పెట్టి, కండ్లు మూసుకోని దండం పెట్టుకుంటా ఉంది. ఆ తల్లికి ఎవురు చెప్తారప్పా బరువు లెక్క? నేనైతే చెప్పను. ఆ బెల్లం పంచినప్పుడు నేనూ రెండు అచ్చులు తెచ్చుకున్నా.