కుక్కకు తేలిన జబ్బు

తవ్వుతున్న గుంత పక్కన పశువుల డాక్టరు కంపెనీ కాపలా కుక్క కాలి నుంచి రక్తం తీస్తున్నాడు. కుక్కను పట్టుకున్నది మట్టి మోసే ఆడమనిషి.

"కదలనియ్యకు. పోయినసారి దీని రక్తంలో బూజు జబ్బు తేలింది. మళ్లీ చూడాలి."

"బూజా? రొట్టెకి పట్టేదా?"

"అలాంటిదే. ఈ మట్టిలో ఉంటుంది. తవ్వితే దుమ్ముతో లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది."

"మా ఆయన ఈ గుంతలోనే తవ్వుతాడు సార్. దగ్గి దగ్గి నిన్న నెత్తురు కక్కాడు. పొగ తాగడం మానెయ్యమని మేస్త్రీ తిట్టాడు. ఆయన పొగ ముట్టనే ముట్టడు. ఆయనకీ ఓ సూది గుచ్చి చూడండి, మీ కాళ్లు పట్టుకుంటా."

"నేను పశువుల డాక్టర్ని. మీ ఆయన నాలుగు కాళ్ల మీద నడిచినప్పుడు తీసుకురా."

"నిన్న మంచం దాకా అలాగే పాకాడు సార్."

"చూడమ్మా, మీకు పరీక్ష చేస్తే జబ్బు తేలుతుంది. తేలితే పని ఆపాలి. అందుకే కంపెనీ కుక్కలకే చెయ్యమంది."

"కుక్కకి తేలిందిగా! మరేం చేస్తారంట?"

"కుక్కలన్నిటినీ సాయంత్రానికల్లా ఇక్కణ్నుంచి తరలించమన్నారు."

"మరి మమ్మల్ని?"

"మీకేం భయం లేదు. రేపు కూడా పనుంది."