విమానానికి గంజి

చిన్న ముచ్చటే బాలవ్వా, చాయ్ చల్లారకముందే అయిపోతది. మాస్కు జర మీదికి గుంజుకో, రోగం ఏమన్నా గడ్డానికొస్తదా?

లాక్‌డౌన్ల నువ్వు ఈ పరాయి ఊరు ఇడిసి సిరిసిల్ల పోయినవు, నీకు తెల్వది. మా పక్కింటి బుచ్చిరాములు మగ్గాలు బందైనంక ఊరవతల కడోదరాల ఒక కొత్త కార్ఖానాల చేరిండు. ఏం చేస్తరట ఆడ? పాత విమానాల రెక్కల తుక్కు తెచ్చి, బట్టీల పెట్టి జిగురు కాలబెట్టి, లోపలి నల్ల పోగులు తీస్తరు. కార్బన్ ఫైబర్ అంటరట. వాటిని ప్లాస్టిక్‌తోని కలిపి వేడి ప్రెస్సుల ఒత్తితే పలక. ఆ పలకతోని మళ్ళ విమానం సీట్లకు కాళ్ళు. అప్పుడు విమానాలే ఎగురుత లేవు, ఎవడు కూసుంటడని? ఛీ.

ఇంటికొస్తే మనిషంతా నల్ల నూగు. వాడు గోక్కునుడు, పెండ్లాం గోక్కునుడు. వాళ్ళ బట్టలు నా తీగ మీద ఆరేస్తే నేను గోక్కునుడు.

నవ్వకు. మొదటి పలక పరీక్షల నిలబడితే వానికి పక్కా నౌకరి. లేకుంటే పెండ్లాం పిల్లలతోని లారీ ఎక్కి ఊరికి పోవుడే.

ఇంజనీరు భానుప్రకాశ్ మన తెలుగాయనే. రోగానికి భయపడి ఇల్లు కదలడు, పెత్తనమంతా ఫోన్లనే. "పోగులకు సైజింగ్ పెట్టి ప్రెస్సుకియ్యి" అన్నడు, ఫోన్ పెట్టేసిండు.

బుచ్చిరాములు ఎరుగని సైజింగా? ఈడ ఉధ్నా మగ్గాలల్ల ఇరవై ఏండ్లు నూలుకు గంజి పెట్టినోడు. మన దగ్గర సైజింగంటే గంజే. ఆడ సైజింగంటే ఏదో మందట, పోగును ప్లాస్టిక్ గట్టిగ పట్టుకునేటందుకు. డబ్బా మీద ఇంగ్లీషుల రాసి ఉన్నదట. ఎవడు చదివిండు?

గంజి పెట్టిండు. ప్రెస్సుల పలక పూరీ లెక్క ఉబ్బింది. కార్ఖానంతా మాడిన అన్నం కంపు. సేటు మాస్కు ముక్కు మీదికి పోయింది ఆ ఒక్కనాడేనట.

నౌకరి పోయిందని గల్లీ అంత అన్నది. అందరికంటె ముందు నేనే అన్న. ఇంజనీరు తప్పు వాని మీదికి నూకుతడు, ఇంకేం చేస్తడు?

నూకలే. ఏ సైజింగో తాను చెప్పలేదని, తప్పు తనదేనని కాగితం మీద రాసిచ్చిండు. సేటు ఆయన్నే తీసేసిండు, బుచ్చిరాములును ఇంకోసారి చెయ్యమన్నడు. డబ్బాల మందు పెట్టి ఒత్తితే రెండో పలక నిలబడ్డది. బుచ్చిరాములు పక్కా అయిండు.

ఏందే అట్ల చూస్తవు? గంజి ఎక్కడిదా?

నేనే ఉడికించిన. "ఏ సైజింగో సార్‌కు ఫోన్ చేసి అడుగుత వెంకటవ్వా" అనుకుంట నా గడపలనే నిలవడ్డడు. "అడిగితే నీకు పని రాదని తెలుస్తది, పెట్టు పో" అన్న.

చాయ్ చల్లారింది. తాగు.