ఓబయ్య బండిలో దొరికిన అంబలి సీసా

నా పేరు కాశమ్మ. భర్త గంగాధరం, కాలం చేశాడు. మాది కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. వయసు అరవై దాటింది. పాస్‌పోర్టులో ఏజెంటు యాభై వేయించాడు, మీకు ఏది కావాలంటే అది రాసుకోండి. ఇక్కడ ఒమాన్‌లో, సీబ్ అనే ఊళ్లో ఒక ఒమానీ ఇంట్లో వంట చేస్తాను. చదువు రాదు. నేను చెప్పేది ఠాణాలోని దుబాసీ ఇనాయత్ తెలుగులో రాస్తున్నాడు. ఇది 2008 జూన్ నెల, శనివారం పొద్దున. నన్ను ఎవరూ పిలిపించలేదు. టాక్సీలో నేనే వచ్చాను.

మా ఇంటి డ్రైవర్ ఓబయ్యను నిన్న బహ్లా దారిలో పట్టుకున్నారు. బండిలో సారాయి దొరికిందని అంటున్నారు. అది సారాయి కాదు, అంబలి. కాచింది నేను, సీసాలో పోసింది నేను, మూత బిగించింది నేను.

ఆ అంబలి దేవయ్య కోసం. దేవయ్య నిజామాబాద్ వైపు మనిషి, తాపీ పని. మా ఇంటి ప్రహరీ కట్టినప్పుడు పరిచయం. ఇప్పుడు బహ్లాలో సైట్ మీద ఉన్నాడు. కామెర్లు వచ్చి రూమ్‌లో పడుకుని ఉన్నాడు. బుధవారం ఫోన్ చేశాడు.

“అవ్వా, నోట్లెకు ఏం పోతలేదు. బువ్వ సూస్తెనే కక్కొస్తుంది. మక్క అంబలుంటే జరంత తాగుతుంటి.”

“ఈడ మక్కలు యాడివిరా? నేనేమన్నా సేద్యం చేస్తాండానా?” అని తిట్టాను. తిట్టి, మేకల దాణా బస్తాలోంచి మొక్కజొన్నలు ఏరాను.

మా వైపు రాగి అంబలే చేస్తాం. మొక్కజొన్నది ఎప్పుడూ చేయలేదు. మిక్సీలో రవ్వ పట్టి, కాచి, చల్లార్చి, పాత పులిసిన గంజి కలిపి రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే బుడగలు వస్తున్నాయి. ఊళ్లో అయితే కుండ మూతికి గుడ్డ కడతాం, గాలి ఆడాలి. ఇక్కడ దారి దూరం. ఒలికి సీటు పాడైతే ఓబయ్యను తిడతారని మూత బిగించాను. తప్పు అక్కడ జరిగింది. అది నా తప్పు.

సీసా పక్క విల్లాలోది. అక్కడ తెల్లదొర ఇంట్లో పని చేసే మల్లీశ్వరి ఖాళీ సీసాలు ఇస్తుంది. గాజు మందం, మూత గట్టి. చింతపండు వేసి కడిగాను. మీద అంటించిన కాగితం ఊడలేదు. చదవడం రానిదాన్ని, ఉంటే ఉండనీ అనుకున్నాను. పాత చీర ముక్క తడిపి చుట్టి, ఇంటి పని మీద బహ్లా వైపు పోతున్న ఓబయ్యకు ఇచ్చాను.

“ఏముందత్తా దీంట్లో?” అన్నాడు.

“మొక్కజొన్న అంబలి. ఒలకబోసినావంటే చూడు.”

పెట్రోలు బంకు దగ్గర బండి ఎండలో నిలిపాడట. మూత ఎగిరింది. సీటు తడిసింది, పుల్లటి వాసన. తరువాత చెకింగ్‌లో మీ జవాను ఇదేమిటని అడిగితే, మొక్కజొన్నతో చేసిందని ఓబయ్య చెప్పాడు. జవాను సీసా మీది కాగితం చదివాడు. దాని మీద కూడా మొక్కజొన్నతో చేసిన విస్కీ అనే ఉందట. ఓబయ్య ఉన్నమాట చెప్పి లోపల కూర్చున్నాడు.

కాగితం మీది పేరు బోర్బన్ అని ఇనాయత్ చెప్పాడు. ఆ పేరు నాకు తెలుసు. మా ఇంటి చిన్నపాప తినే నల్ల బిస్కెట్టు పేరు అది, పైన చక్కెర పలుకులు ఉంటాయి. దొరసాని కేకులో వేసే వెనిలా సీసాకు కూడా అదే పేరని మల్లీశ్వరి చెప్పింది.

“అసలది రాజుల ఖాందాన్ పేరమ్మా. ఫ్రాన్సు రాజులు,” అన్నాడు ఇనాయత్. “షరాబుకు తర్వాత వచ్చింది.”

“రాజులకు పెట్టుకోండి, బిస్కెట్టుకు పెట్టుకోండి. నా అంబలికి ఆ పేరు పెట్టిందెవరప్పా?”

“సీసా మీద ఉంది కదా.”

“నీ చొక్కా మీద కూడా ఏందో రాసుండాది. అది నీ పేరా?”

ఇనాయత్ నవ్వాడు. ఎందుకు నవ్వావని ఆఫీసరు అడిగితే అరబ్బీలో చెప్పాడు. ఆఫీసరు నవ్వలేదు.

అంబలిని పరీక్షకు పంపుతామని, పులిసింది కాబట్టి అందులో కాస్త మత్తు ఉండవచ్చని ఆఫీసరు అన్నారు. ఉంటే ఉండవచ్చు, నేను కాదనను. పులియబెట్టింది నేను. కేసు పడితే ఓబయ్యను మా దేశానికి పంపించేస్తారు. పంపాలంటే నన్ను పంపండి. ఓబయ్య ఆ మూత తీయలేదు. ఓబయ్య ఒక్క గుక్క తాగలేదు. ఓబయ్యకు నేను ఇచ్చాను, అతను తీసుకుపోయాడు, అంతే.

“నాకేం తెలియదని చెప్పు, నీ పని నీకుంటుంది,” అని మా మేడం అన్నారు. ఆ మాట దాటి వచ్చాను. సాయంత్రం ఇంట్లోకి రానిస్తారో లేదో తెలియదు.

ఇంతవరకు రాసింది ఇనాయత్ చదివి వినిపించాడు. ఒకచోట “ఓబయ్య వద్ద దొరికిన బోర్బన్” అని ఉంది. వేలిముద్ర పెట్టనన్నాను. అది కొట్టేసి “కాశమ్మ కాచిన అంబలి” అని రాశాడు. ఆ కొట్టివేత పక్కన కూడా నా వేలిముద్ర ఉంది.

సీసా మీరే ఉంచుకోండి. చీర ముక్క ఇప్పించండి. దేవయ్యకు రాత్రి మళ్లీ కాచాను. స్టీలు క్యానులో పోసి బయట బెంచీ మీద పెట్టాను. మూత బిగించలేదు. ఓబయ్యను వదిలితే తీసుకుపోతాడు, అందాకా నేను ఆ బెంచీ మీదే ఉంటాను.

పైన ఉన్నదంతా నేను చేసింది, చూసింది, విన్నది. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. చదవగా విని, ఒప్పుకుని వేలు పెట్టాను.

కాశమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
రాసి వినిపించినది: ఇనాయత్, దుబాసీ