పన్నెండు లోపు పడాల్సిన గోడ

రూసె పట్టణంలో, దాన్యూబ్ నదికి రెండు వీధుల ఇవతల, నాలుగో అంతస్తులో డోన్కా వంటిల్లు. పొద్దున్న పది దాటింది. తాపీ మేస్త్రీ గెంచో సమ్మెట భుజాన వేసుకుని గోడ ముందు నిలబడ్డాడు గానీ, ఎంతకీ దెబ్బ మాత్రం వెయ్యడు.

"కొట్టు నాయనా. బొమ్మ చూసినట్టు చూస్తావేం?"

"కొడతాను పిన్నీ. కొట్టే ముందు అవతల ఏముందో తెలియాలి కదా. ఏముంది అవతల?"

"వంటిల్లు."

"ఇవతల?"

"ఇదీ వంటిల్లే. కళ్ళు కనబడ్డంలేదా?"

"అటూ వంటిల్లే, ఇటూ వంటిల్లే. మరి మధ్యలో ఈ గోడెందుకు కట్టారు?"

"అదే కదా నేనూ అంటున్నది. ఎందుకూ పనికిరాని గోడ. పడగొట్టు. ఇప్పుడందరూ వంటిల్లు విశాలంగా పెట్టుకుంటున్నారు. మూడో అంతస్తు పెన్కా కూడా పెట్టించుకుంది. ఆ పొయ్యి దగ్గర నిలబడితే హాల్లో టీవీ కనిపిస్తుందట. నాకేం తక్కువ?"

"ఏం తక్కువ లేదు పిన్నీ. కానీ అవతలి వంటిల్లు ఎవరిది?"

"పక్కింటాయనది."

"ఆయన ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోకపోవడానికి ఆయనెవరు?"

"పక్కింటాయన అని మీరే అన్నారు."

"అన్నాను. అయితే? పన్నెండు లోపు ఇది పడిపోవాలి. నిన్ను మాటలకి పిలిచానా, పనికి పిలిచానా?"

"పనికే. ఇదిగో, కొట్టి చూస్తున్నా. ఊఁ. నాలుగంగుళాల గోడ. బరువు మోసేది కాదు. తర్వాతెప్పుడో కట్టింది. అరె, ఇదేంటి పిన్నీ, గోడని తెచ్చి సరిగ్గా కిటికీ మధ్యకి ఆనించారు?"

"కోర్టు సగం సగం అంది."

"కోర్టా?"

"కొలిచారు. సగం అక్కడికొచ్చింది. కిటికీ అడ్డమొస్తే నేనేం చేసేది?"

"అంటే ఒక రెక్క మీకు, ఒక రెక్క పక్కింటాయనకి. బాగుంది. మీ రెక్క తెరవండి, దుమ్ము బయటికి పోతుంది."

"తెరుచుకోదు. ఆయన రెక్క దీని మీదికొచ్చి పడుతుంది. గడియ అటువైపు. ఆయన తెరిస్తే గానీ నాది తెరుచుకోదు."

"మరి గాలి కావాలంటే?"

"గోడ మీద రెండుసార్లు తడతాను. తెరుస్తాడు."

"వానొస్తే?"

"ఒకసారి తడతాను. మూస్తాడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎన్నాళ్ళేంటి. ఇరవై ఒక్క ఏళ్ళు."

"మేస్త్రీ, పక్కింటావిణ్ణి కాస్త అడిగి చెప్పు. ఇందాక ఒకసారి తట్టిన చప్పుడైంది. మూసే ఉంది కదా, ఇంకెంత మూయమంటుంది?"

"పిన్నీ, గోడ మాట్లాడుతోంది."

"గోడ కాదు, ఆయనే. పట్టించుకోకు."

"తట్టింది నేనండీ. గెంచోని, తాపీ మేస్త్రీని. గోడ గట్టిదో కాదో చూస్తున్నాను."

"ఎందుకు చూస్తున్నావు నాయనా?"

"పడగొట్టడానికండీ."

"అట్లాగా. పక్కింటావిణ్ణి అడుగు, ఎవర్నడిగి పడగొడుతోందో."

"పక్కింటాయనకి చెప్పు మేస్త్రీ, నా సగం నేను పడగొట్టుకుంటున్నాను. ఆయన సగం ఆయన నిలబెట్టుకోమను."

"ఉన్నదే నాలుగంగుళాలు పిన్నీ. రెండంగుళాలు కొట్టి రెండంగుళాలు ఉంచడం మా తాతకి కూడా రాదు. అయినా నేను చెప్పడమెందుకు, ఆయనకి వినబడుతూనే ఉంది కదా."

"వినబడితే వినబడనీ. నేను ఆయనతో మాట్లాడను."

"నేనూ మాట్లాడను, అది కూడా చెప్పు మేస్త్రీ."

"చెప్పక్కర్లేదు, విన్నాను."

"విన్నారటండీ. సరే. పిన్నీ, ఇంకొక్క మాట. మీ వంటింట్లో సింకు ఏది?"

"అటువైపు ఉంది."

"నీళ్ళ గొట్టం కూడా?"

"గొట్టం లేకుండా సింకు ఉంటుందా?"

"బాబాయ్, మీ వైపు పొయ్యి ఉందా?"

"లేదు నాయనా. అది అటు పడింది. కోర్టువాళ్ళు పొయ్యి ఒకరికి, సింకు ఒకరికి అన్నారు."

"మరి పిన్ని గిన్నెలు ఎక్కడ తోముతుంది?"

"తోమదు. బాల్కనీ కమ్ముల మీంచి నాకందిస్తుంది. నేను తోమి ఇస్తాను."

"మీరు ఎక్కడ వండుకుంటారు?"

"ఏం వండుకుంటాను, పొయ్యి లేందే."

"మరి తిండి?"

"గిన్నె అడుగున ఏదో కాస్త ఉంటుంది."

"చెప్పండి పిన్నీ. అడుగున ఎంత ఉంటుందేంటి?"

"ఎంతుంటుంది. తోమేవాడికి తోమడానికి ఏదో ఒకటి అంటుకుని ఉండాలి కదా. రెండు గరిటెలు. చిక్కుడుగింజల పులుసైతే మూడు."

"నాలుగు. ఆదివారం మాంసం ముక్క కూడా ఉంటుంది మేస్త్రీ. పెద్దది."

"అది నేను చూసుకోకుండా వదిలేసింది."

"ఇరవై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఆదివారం చూసుకోకుండా వదిలేసిందట, రాసుకో."

"ఆగండాగండి. ఈవిడ వండుతుంది, ఆయన తింటాడు, తిన్న గిన్నె తోముతాడు, కిటికీ తెరవమంటే తెరుస్తాడు. మా ఇంట్లో నాకూ మా ఆవిడకీ ఇంత కుదరదు. మీరిద్దరూ నిజంగా విడాకులు తీసుకున్నారా, లేక పని పంచుకున్నారా?"

"కాగితం చూపించనా? అల్మారాలో ఉంది."

"నా దగ్గరా ఉంది, నకలు."

"వద్దులెండి. ఇంత సుఖంగా ఉంటే ఇప్పుడీ గోడతో పనేంటి పిన్నీ? పైగా పన్నెండు లోపు అంటున్నారు. పన్నెండింటికి ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే సాయంత్రం దాకా మెల్లగా కొడతాను."

"కింద వీధి తలుపు మీద చూశావా లోపలికొచ్చేటప్పుడు?"

"చూశాను. చావు కబుర్ల కాగితాలు. ఫొటోలు పెట్టి అంటించారు. రెండో అంతస్తు ముసలాయన పోయి నలభై రోజులట."

"మంగళవారం నాడు రొట్టె కొనుక్కొస్తున్నాను. ఆ కాగితాల మధ్య కొత్తది ఒకటి. నల్ల అంచు కూడా ఉంది. దాని మీద ఈయన పేరు. స్టామెన్ అని, ఇంతింత అక్షరాలు."

"అంచు నేను వెయ్యలేదు మేస్త్రీ, ఆ ప్రింటు కొట్టేవాడు అలవాటులో వేసేశాడు."

"రొట్టె చేతిలోంచి జారిపోయింది. కళ్ళజోడు లేదు. ఆ మెట్ల మీదే కూలబడ్డాను. నాలుగు నెలలుగా మాట్లాడకుండా ఉన్నాను, ఇప్పుడిట్లా పోయాడా, నాకొక మాటైనా చెప్పకుండా, కనీసం గోడ మీద తట్టకుండా, అని ఏడ్చాను. పెన్కా వచ్చి చదివింది. సగం ఫ్లాటు అమ్మకానికి ఉంది అని రాశాడట."

"అయ్యో. బతికున్నాడని సంతోషించారా?"

"అప్పుడే చంపేద్దామనిపించింది."

"ఏడ్చిందా? మేస్త్రీ, ఏడ్చిందంటోందా?"

"విన్నారు కదా బాబాయ్."

"ఇంకోసారి చెప్పించు."

"చెప్పను. కొట్టు మేస్త్రీ. పన్నెండింటికి చూడ్డానికి ఎవరో వస్తున్నారని పెన్కా చెప్పింది. వచ్చేసరికి సగం ఫ్లాటే ఉండకూడదు. గోడ లేకపోతే దేన్ని సగమని చూపిస్తాడు? పులుసులో గరిటెతో గీత గీసి చూపిస్తాడా?"

"అదా సంగతి. బాబాయ్, మీరేమంటారు? గోడలో మీకూ సగముంది."

"నన్నేమడుగుతావు. ఆ గిన్నెల సంగతంతా మే నెల దాకానే. అప్పట్నుంచి ఒక్కటి కూడా రాలేదు, ఆవిణ్ణి అడుగు."

"ఎందుకు పంపలేదు పిన్నీ?"

"పెన్కా పచ్చడి మెచ్చుకున్నాడు."

"ఏ పచ్చడి?"

"ఎర్ర మిరపకాయలు కాల్చి చేస్తాం కదా, అది. ఏటా నలభై సీసాలు పెడతాను. బాల్కనీలో నిలబడి ఒక్కొక్క మిరపకాయా కాల్చి, తొక్క తీసి, చేతులు మండిపోతుంటే. ఈయన ఇరవై ఒక్క ఏళ్ళలో బాగుందని ఒక్కమాటన్నాడా? పెన్కా ఒక్క సీసా ఇస్తే, ఆహా అమోఘం అన్నాడు. బాల్కనీలో నిలబడి మరీ. వీధి వీధంతా విన్నది."

"పెన్కాకి చెవుడు మేస్త్రీ. మెల్లగా అంటే వినబడదు."

"నాకు చెవుడు లేదు. నాకు మెల్లగానైనా అనొచ్చుగా."

"నీ పచ్చడి సీసా తోమి ఇచ్చేవాణ్ణి కదా. అడుగున చుక్క కూడా మిగిలేది కాదు. అంతకన్నా ఏమనాలి?"

"బాబాయ్, మీరు ఆవిడతో సూటిగా మాట్లాడేశారు."

"నీతోనే మాట్లాడుతున్నాను. నువ్వు చెప్పు ఆవిడకి. పొద్దున్నే లేచి ఆ ఖాళీ సింకు ముందు కూర్చునేవాణ్ణి. తోమడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క కప్పునే మూడుసార్లు తోమేవాణ్ణి. జూన్ నెలలో దాని మీది పువ్వులు కూడా చెరిగిపోయాయి. ఇంక నాకిక్కడేం పని అనిపించింది. అందుకే అంటించాను ఆ కాగితం."

"ఏం చూస్తావు మేస్త్రీ, కొట్టమంటుంటే."

"కొడుతున్నా. బాబాయ్, గోడకి దూరంగా జరగండి. ఒకటి. రెండు. మూడు. చూశారా, ఇటుక మీద ఇటుక పెట్టారే గానీ మధ్యలో సిమెంటు మాలు సరిగ్గా పెట్టలేదు. ఎవరు కట్టారో గానీ మనసు పెట్టి కట్టలేదు."

"నేనే కట్టాను."

"మీరా బాబాయ్? మరి చెప్పరేం. ఇదిగో, ఇంకో నాలుగు దెబ్బలు. అయ్యింది, కన్నం మనిషి పట్టేంత అయ్యింది. చూసుకోండి ఇద్దరూ. నేను అటు తిరుగుతాను."

"చిక్కిపోయావు స్టామెన్."

"గిన్నెలు లేవుగా."

"ఆ చొక్కాకి గుండీలేవి?"

"ఉన్నాయి, జేబులో."

"ఏంటది గది మధ్యలో? పెట్టె సర్దావా?"

"సర్దాను."

"ఎవరో చూడ్డానికొస్తేనే పెట్టె సర్దేస్తారా? మేస్త్రీ, మిగిలింది కూడా కొట్టు. నేల దాకా కొట్టు."

"ఇంక కొట్టి లాభంలేదు డోన్కా. వాళ్ళు చూడ్డానికి రావడంలేదు. చూసేశారు. నిన్ననే సంతకాలైపోయాయి. పన్నెండింటికి తాళాలు తీసుకోవడానికి వస్తున్నారు. కొత్తగా పెళ్ళైన వాళ్ళు. మంచిపిల్లలు."

"సంతకం పెట్టేశావా?"

"పెట్టాను."

"నాతో ఒక్కమాట అనకుండా?"

"నువ్వు నాతో మాట్లాడ్డంలేదుగా."

"ఎక్కడికి పోతావు?"

"దోబ్రిచ్. అక్క దగ్గరికి."

"మీ అక్కకి వంట రాదు."

"రాదు."

"ఏదైనా సరే నీళ్ళలో ఉడకేసి అదే పులుసంటుంది."

"అంటుంది."

"మరి ఎందుకు పోతున్నావు?"

"ఉండమని ఎవరూ అనలేదుగా."

"గోడ పగలగొట్టిస్తుంటే ఇంకా ఎట్లా అనాలి?"

"నోటితో అనొచ్చు."

"నోటితో అనడం చేతనైతే విడాకులదాకా ఎందుకొస్తాను? నీకు చేతనైందా? పచ్చడి బాగుందని అనడానికే ఇరవై ఒక్క ఏళ్ళు చాల్లేదు."

"బాగుంటుంది డోన్కా."

"ఇప్పుడా చెప్పడం, తాళాలిచ్చే రోజున."

"అమ్మా, అయ్యా, మధ్యలో మాట్లాడుతున్నానని కోప్పడకండి. ఇప్పుడు పదకొండు కావస్తోంది. ఈ గోడలో సగం నిన్నటి నుంచి ఆ పిల్లలది. వాళ్ళొచ్చి ఈ కన్నం చూస్తే ముందు పట్టుకునేది నన్నే. నేనేం చెయ్యాలో ఒక్కమాట చెప్పండి."

"తిరిగి కట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఇటుకలు చాలావరకు ముక్కలు కాలేదు. కింద బండిలో సిమెంటు ఉంది. మాలు కలిపి మొదలుపెడితే ముప్పావుగంట. ఆ పూత తర్వాతెప్పుడైనా వేసుకోవచ్చు."

"అయితే కట్టెయ్యి."

"నిజంగానా పిన్నీ?"

"కట్టెయ్యి. కొన్నవాళ్ళు ఏం పాపం చేశారు? వాళ్ళ సగం వాళ్ళకి ఇవ్వాల్సిందే."

"అది న్యాయమే. కట్టెయ్యి మేస్త్రీ. ఈసారి మాలు సరిగ్గా పెట్టి కట్టు. డోన్కా, ఆ కిటికీ సంగతి నేను ఆ పిల్లలకి చెప్పి వెళ్తాను. రెండుసార్లు తడితే తెరవమని, ఒకసారి తడితే..."

"ఏం చెప్పక్కర్లేదు."

"సరే. నీ ఇష్టం."

"బాబాయ్, మరి ఆ కన్నంలోంచి తల తీసి కాస్త వెనక్కి జరగండి. మొదటి వరస పెడుతున్నాను."

"వెనక్కి జరగమంటావేంటయ్యా, తిన్నగా పని నేర్చుకోలేదా? ముందు ఆ పెట్టె ఇటు అందించమను. తర్వాత మనిషిని ఇవతలికి రమ్మను. అప్పుడు కట్టు గోడ."